ఇంటి అప్పు ముందే తీర్చాలా, ముసలితనానికి దాచుకోవాలా? నలభై దాటినవారు లెక్క వేసుకునే విధానం

2018 సెప్టెంబరులో నేను చేసిన పొరపాటుతో మొదలుపెడతాను. శ్రీకాకుళంలో మేం కట్టుకున్న ఇంటి మీద అప్పు ఉంది. రెండేళ్లుగా కూడబెట్టిన రెండు లక్షల నలభై వేలు తీసుకెళ్లి ఒకేసారి లోన్ ఖాతాలో కట్టేశాను. బరువు తగ్గిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. సోంపేట వైపు ఊళ్లో అమ్మానాన్నలు ఉంటున్న ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కటీ నిలవలేదు. వాళ్లను తీసుకురావాలి, పైకప్పు వేయించాలి, నాన్నకు మందులు కొనాలి. చేతిలో పదివేలు లేవు. ముందుగా కట్టిన సొమ్ము వెనక్కి ఇమ్మంటే బ్యాంకు ఇవ్వదు. చివరికి నా భార్య గాజులు తాకట్టు పెట్టి, ఇంటి అప్పు కంటే ఎక్కువ వడ్డీకి డబ్బు తెచ్చాం.

"కట్టిన డబ్బంతా గోడల్లో ఉందండీ. గోడ గీకి బియ్యం తెచ్చుకోలేం కదా" అంది తను. ఆ మాట నేటికీ నా చెవిలో ఉంది.

అప్పు తీర్చడం తప్పని చెప్పడం లేదు. జీతం ఆగేలోపు ఇల్లు అప్పులేకుండా మన చేతికి రావాలి, అది నా పట్టుదల కూడా. ఏ పని ముందు, ఏది వెనుక అన్న వరసలోనే నేను తప్పాను. ఇప్పుడు నేను పాటిస్తున్న వరస ఇది.

1. లోన్ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకోండి

బ్యాంకు యాప్‌లో దొరుకుతుంది, బ్రాంచిలో అడిగినా ఇస్తారు. అందులో నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాయండి: మిగిలిన అసలు, వడ్డీ రేటు, నెల కిస్తీ, చివరి కిస్తీ తేదీ. ఆ తేదీ పక్కన ఆనాటికి మీకు ఎన్నేళ్లు నిండుతాయో రాయండి. చాలామంది ఈ ఒక్క అంకె దగ్గర ఆగిపోతారు.

విజయనగరంలో ఒక కుటుంబం అనుకుందాం. భర్త ప్రైవేటు ఉద్యోగి, వయసు 45. భార్య కంటోన్మెంట్ దగ్గర టైలరింగ్ షాపు నడుపుతోంది. మిగిలిన అసలు 18 లక్షలు, వడ్డీ 8 శాతం, ఇంకా 15 ఏళ్లు. కిస్తీ 17,202 రూపాయలు. ఈ నెల కట్టే ఆ సొమ్ములో 12,000 వడ్డీకే పోతుంది, అసలులోకి వెళ్లేది 5,202. ఇలాగే చివరిదాకా కడితే వడ్డీ కింద దాదాపు 13 లక్షలు అవుతుంది. అప్పు తీరేసరికి ఆయనకు 60. ఉద్యోగం మాత్రం 58కే అయిపోతుంది. ఆ మధ్య రెండేళ్లు కిస్తీ ఎక్కడి నుంచి వస్తుంది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు పదవీ విరమణ 62 ఏళ్లకు కాబట్టి వాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. షాపు పెట్టుకున్నవారికి రిటైర్మెంటు తేదీ అంటూ ఉండదు, ఒంట్లో ఓపిక ఉన్నంతవరకే లెక్క.

2. రూపాయి అదనంగా కట్టేముందు రేటు అడగండి

ఇది అందరూ మరిచిపోయే పని. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతూ ఉండే) ఇంటి రుణాలను రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు, వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టాలి. అంతకుముందు తీసుకున్న అప్పయితే అది ఇంకా పాత పద్ధతిలోనే ఉండవచ్చు. 2025లో రిజర్వు బ్యాంకు రెపోను 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. ఆ తగ్గింపు మీ ఖాతాకు వచ్చిందో లేదో చూడండి. రాకపోతే రెపో పద్ధతికి మార్చమని దరఖాస్తు ఇవ్వండి. కొద్దిగా ఫీజు అడుగుతారు, అయినా ఇంకా పదేళ్లు కట్టాల్సిన అప్పుకు అది పెద్ద భారం కాదు. రేటు తగ్గాక కూడా పాత కిస్తీనే కట్టండి. అదే మీ మొదటి అదనపు చెల్లింపు, ఇంటి ఖర్చులో ఒక్క పైసా తగ్గించుకోకుండా.

3. ఆరు నెలల డబ్బు విడిగా ఉంచండి

ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు నెలల కిస్తీ. ఇది పోగయ్యేదాకా లోన్‌లో ఒక్క రూపాయి కూడా ముందుగా కట్టవద్దు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2014లో హుద్‌హుద్, నాలుగేళ్లకే తిత్లీ. ఒకే ఎఫ్‌డీగా కాకుండా రెండు మూడు చిన్న ఎఫ్‌డీలుగా వేయండి, అవసరమైనప్పుడు ఒకటే విరగ్గొట్టుకోవచ్చు. ఈ డబ్బుకు వడ్డీ తక్కువ వస్తోందని బాధపడకండి. నా భార్య గాజులు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది.

కొన్ని బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఇంటి రుణం ఇస్తాయి. మిగులు సొమ్ము అందులో ఉంచితే ఆ మేరకు వడ్డీ తగ్గుతుంది, అవసరానికి తిరిగి తీసుకోవచ్చు. రేటు కాస్త ఎక్కువ ఉంటుంది. ఆదాయం ఒక నెల వచ్చి ఒక నెల రాని వ్యాపారులకు అనువైనది.

4. ఖరీదైన అప్పులు ముందు

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అలాంటి చేబదులు, క్రెడిట్ కార్డు బాకీ, బంగారం మీద అప్పు ఉండగా 8 శాతం ఇంటి అప్పును ముందు తీర్చడంలో అర్థం లేదు.

5. ముసలితనంలో నెలకు ఎంత వస్తుందో రాయండి

చాలామంది ఈ కాగితం రాయనే రాయరు. భయపెట్టే అంకె కనబడుతుందని కాబోలు. కానీ 45లో కనబడితే సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది.

ఈ రోజు ఇంటి ఖర్చు, కిస్తీ కాకుండా, నెలకు 30,000 అనుకోండి. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే 15 ఏళ్ల తర్వాత అదే బతుకుకు దాదాపు 72,000 కావాలి. ఇక వచ్చేది చూడండి. ప్రైవేటు ఉద్యోగికి పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పెన్షన్‌ను పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించి కడతారు. 15,000 జీత పరిమితి మీదే కట్టినవారికి 30 ఏళ్ల సర్వీసు ఉన్నా నెలకు ఏడు వేల లోపే వస్తుంది. పెన్షన్ ఉందిలే అని ధీమాగా ఉన్నవాళ్లు ఈ అంకెను ఒకసారి తమ చేత్తో వేసుకోవాలి.

2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు సీపీఎస్ కిందికి, అంటే ఉద్యోగి, ప్రభుత్వం ఇద్దరూ వాటా వేసే పెన్షన్ పథకం కిందికి వచ్చారు. వాళ్ల ప్రాన్ ఖాతాలో (పెన్షన్ ఖాతాలో) ఇప్పటికి ఎంత జమైందో, ప్రభుత్వం వేసే మ్యాచింగ్ వాటా నెలనెలా పడిందో లేదో తప్పక చూసుకోవాలి. షాపులు, ఆటోలు, కూలి పనుల మీద బతికేవారికి అటల్ పెన్షన్ యోజన 40 ఏళ్లలోపు చేరితేనే. ఆ వయసు దాటినవారికి ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం), పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఉన్నాయి. భర్త పేరుతో పాటు భార్య పేరున కూడా ఖాతా తెరవండి. మన ఇళ్లలో భర్త పోయాక ఏళ్ల తరబడి ఒంటరిగా బతికే ఆడవాళ్లు ఎంతమంది లేరు?

6. పన్ను పద్ధతిని బట్టి నిజమైన వడ్డీ రేటు తేల్చండి

పాత పన్ను పద్ధతిలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి 8 శాతం అప్పు నిజానికి 6.4 శాతం దగ్గర పడుతుంది. అలాంటప్పుడు పన్ను లేని 7.1 శాతం ఇచ్చే పీపీఎఫ్‌లో వేయడమే మేలు. కొత్త పద్ధతిలో సొంతింటి వడ్డీకి ఈ మినహాయింపు లేదు, 8 అంటే పూర్తి 8. అప్పుడు పన్ను కట్టాల్సిన ఎఫ్‌డీ కంటే లోన్ తీర్చడమే లాభం. పక్కింటాయన ఏం చేశాడో చూసి నిర్ణయించకండి, ఆయన పద్ధతి వేరు కావచ్చు.

7. మిగులును పంచే లెక్క

మన విజయనగరం కుటుంబానికి పై పనులన్నీ అయ్యాక నెలకు 5,000 మిగులుతోంది. మూడు దారులు ఉన్నాయి. పీఎఫ్‌కు 2024-25లో ఇచ్చిన 8.25 శాతం రేటు చివరిదాకా ఉంటుందని లెక్క కోసం అనుకుందాం, హామీ మాత్రం కాదు.

మొదటిది, 5,000 మొత్తం లోన్‌కు. అప్పు 9 ఏళ్ల 9 నెలల్లో తీరుతుంది, వడ్డీలో సుమారు 5 లక్షలు మిగులుతుంది. ఆ తర్వాత 58 ఏళ్లు నిండేదాకా కిస్తీ, అదనం కలిపి నెలకు 22,202 చొప్పున 8.25 శాతం వచ్చే చోట వేస్తే దాదాపు 9.9 లక్షలు చేతికి వస్తాయి.

రెండోది, 3,000 లోన్‌కు, 2,000 వీపీఎఫ్‌కు, అంటే పీఎఫ్‌లో మన ఇష్టంతో అదనంగా వేసేది. అప్పు 11 ఏళ్ల 4 నెలలకు తీరుతుంది, ఆయనకు అప్పటికి 56 దాటుతాయి. ఆ మిగిలిన 20 నెలలూ కిస్తీ డబ్బును కూడా దాస్తే 58 నాటికి మొత్తం 9.9 లక్షలే.

మూడోది, 5,000 మొత్తం వీపీఎఫ్‌కు. 58 నాటికి 13.9 లక్షలు. అందులో మిగిలిన అప్పు 3.8 లక్షలు తీర్చేస్తే 10.1 లక్షలు.

మూడు దారులూ పది లక్షల దగ్గరే కలుస్తున్నాయి. అప్పు రేటు, పొదుపు రేటు పక్కపక్కనే ఉన్నప్పుడు ఇలాగే వస్తుంది. అందుకే ఏది ఎక్కువ లాభమని రాత్రంతా కూర్చుని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. అడగాల్సింది వేరే ప్రశ్న. అప్పు తీరిన మరుసటి నెల నుంచి ఆ 22,202 దాస్తారా, ఖర్చయిపోతుందా? కొత్త బండి, పెళ్లి, పై అంతస్తు అంటూ కరిగిపోతే మొదటి దారిలో 58కి చేతిలో ఇల్లు తప్ప పైసా ఉండదు. మీ ఇంట్లో డబ్బు నిలవదని మీకు తెలిస్తే రెండో దారి లేదా మూడో దారి పట్టండి. అప్పు ఉందంటే నిద్రపట్టని మనిషయితే మొదటిదాని వైపు మొగ్గండి, కానీ మూడో అంచెలో చెప్పిన ఆరు నెలల డబ్బును ముట్టుకోకుండా. నేను రెండోది ఎంచుకున్నాను. అప్పు తగ్గుతూ కనబడుతుంది, పాస్‌బుక్‌లో అంకె పెరుగుతూ కనబడుతుంది, ఇంట్లో ఇద్దరికీ ధైర్యం.

ఒక్క పని మాత్రం చేయకండి: పీఎఫ్ డబ్బు తీసి ఇంటి అప్పు కట్టడం. నిబంధనలు వీలు కల్పించినా సరే. 8.25 శాతం తెస్తున్న సొమ్మును తీసి 8 శాతం అప్పులో పోసినట్టు అవుతుంది, ముసలితనపు గింజలు ముందే తిన్నట్టూ అవుతుంది.

డీఏ బకాయిలు, బోనసు, జీడితోట మీద వచ్చిన డబ్బు వంటివి ఒక్కసారిగా వచ్చినప్పుడు సగం లోన్‌కు, సగం పెన్షన్‌కు అని ముందే అనుకుని కాగితం మీద రాసుకోండి. చేతికి వచ్చాక ఆలోచిస్తే సంక్రాంతి ఖర్చుల్లో కలిసిపోతుంది.

8. బ్యాంకులో కట్టే తీరు

వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి రుణానికి ముందస్తు చెల్లింపు మీద జరిమానా వేయకూడదు. ఫిక్స్‌డ్ రేటు అయితే ఒప్పందం చదవండి. అదనంగా కట్టేటప్పుడు అది అసలులోకే పడాలని, కిస్తీ అలాగే ఉంచి గడువు తగ్గించాలని రాసి ఇవ్వండి. 2018లో నేను రాసివ్వలేదు. బ్యాంకువాళ్లు గడువు అలాగే ఉంచి కిస్తీ తగ్గించారు. నెలకు రెండు వేలు మిగిలింది, ఎటు పోయిందో తెలియనే లేదు. ఇప్పుడు తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని, వారం తర్వాత స్టేట్‌మెంట్‌లో అసలు తగ్గిందో లేదో చూసుకుంటున్నాను.

9. చివరి కిస్తీ కట్టాక

బాకీ లేదన్న పత్రం తీసుకోండి. అసలు దస్తావేజులను బ్యాంకు 30 రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది. దస్తావేజులు ఇంటికి తేగానే పేజీలన్నీ లెక్కపెట్టుకోండి. తనఖా రిజిస్టరై ఉంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రద్దు చేయించి, కొత్తగా ఈసీ (ఆస్తి మీద ఏ తనఖా ఉందో చూపే పత్రం) తీసి చూడండి. పిల్లలకు ఇల్లు రాసే రోజున ఈ ఒక్క కాగితం లేక తిరిగినవాళ్లను చూశాను.

ఇంకొక పని అదే రోజు చేసేయండి. కిస్తీ ఇన్నాళ్లూ ప్రతి నెలా 5న ఖాతాలోంచి పోయేది కదా. అదే 5వ తేదీన, అంతే సొమ్ము ఎన్‌పీఎస్‌కో పీపీఎఫ్‌కో వెళ్లేలా బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టించి ఇంటికి రండి. ఒక్క నెల కూడా మధ్యలో వదలవద్దు.