మీ ఊరి బౌలింగ్ బృందంలో కష్టపడిన ఆడవాళ్ళను సన్మానించడం ఎలా?

మన వైపు సన్మానాలకు కొదవ లేదు. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, మెమెంటో చేతికిచ్చి ఫొటో తీస్తారు. వారం తిరిగేసరికి ఆమెను ఎందుకు పిలిచారో ఎవరికీ గుర్తుండదు. టెన్‌పిన్ బౌలింగ్ (లేన్ అనే పొడవాటి దారి మీద బంతి దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట) ఆడే ఆడవాళ్ళ విషయంలో ఇలా జరగకూడదని నా గట్టి కోరిక. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగువాళ్ళలో ఈ ఆట ఆడేవారు కొద్దిమందే. సరైన లేన్ మీద ఆడాలంటే భువనేశ్వర్‌కో విశాఖకో రైలెక్కాలి. తెల్లవారకముందే వంట ముగించి, పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి వెళ్ళి ఆడి వస్తున్నారంటే అది చిన్న పట్టుదల కాదు. కాబట్టి సన్మానం చేస్తే ఆమె ఏం చేసిందో ఊరికి తెలిసేలా చేయాలి. చిన్న బృందమైనా చేయగలిగిన పద్ధతి ఇది.

ముందు రెండు జాబితాలు రాసుకోండి

ఒకటి బాగా ఆడినవాళ్ళది, రెండోది ఆటను నిలబెట్టినవాళ్ళది. ఈ రెండూ కలిపేస్తే ఎప్పుడూ ఎక్కువ స్కోరు చేసినవాళ్ళే గెలుస్తారు. అమెరికాలో 1916లో సెయింట్ లూయిస్ నగరంలో సుమారు 40 మంది మహిళలు కలిసి తమ జాతీయ బౌలింగ్ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం 2005లో మిగతా సంఘాలతో కలిసిపోయింది కానీ, వాళ్ళ గౌరవ జాబితాలో ఒక మంచి పద్ధతి ఉంది: గొప్పగా ఆడినవారితో పాటు ఆటకు సేవ చేసినవారికి విడిగా ఒక విభాగం. మనం తీసుకోవలసింది అదే.

రెండో జాబితాలో ఎవరుంటారు? టికెట్లు బుక్ చేసే అక్క, చందాల లెక్క పైసాతో సహా రాసిన పిన్ని, కొత్తగా వచ్చిన అమ్మాయి తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళి "మా అమ్మాయిలాగే చూసుకుంటాం" అని ఒప్పించి తెచ్చిన అప్ప. వీళ్ళ పేర్లు స్కోరు బోర్డు మీద ఎక్కడా కనిపించవు.

స్కోర్లు సరిచూడండి

ఒక్క గేములో కొట్టిన పెద్ద స్కోరు చూసి ఎవరినీ ఎంపిక చేయకండి. సగటు చూడండి. అన్ని గేముల స్కోర్లూ కలిపి, ఆడిన గేముల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. అమెరికా లీగుల్లో సగటును లెక్కలోకి తీసుకోవడానికి కనీసం 21 గేములు ఉండాలనే వాడుక ఉంది. మనకు అన్ని కుదరకపోతే 12 పెట్టుకోండి, కానీ ఆ అంకె ముందే అందరికీ చెప్పండి.

బృందంలో అందరి స్థాయీ ఒకటి కాదు కాబట్టి హ్యాండీక్యాప్ లెక్క, అంటే సగటు తక్కువున్నావిడ స్కోరుకు ఎక్కువ పాయింట్లు కలిపే పద్ధతి, నేర్చుకోవడం మంచిది. 200ను ఆధారంగా పెట్టుకుని, అందులోంచి ఆమె సగటు తీసేసి, మిగిలినదాంట్లో 90 శాతం కలుపుతారు. సగటు 130 ఉన్నావిడకు 63 కలుస్తుంది. 170 ఉన్నావిడకు 27 కలుస్తుంది. మొదటావిడ ఆ రోజు 150 కొడితే 213 అవుతుంది, రెండో ఆవిడ 175 కొడితే 202. ఎవరు తన స్థాయిని మించి ఆడారో ఇట్టే తెలిసిపోతుంది. ఏడాదిలో సగటు బాగా పెరిగినావిడకు కూడా ఒక గుర్తింపు ఉండాలని నా అభిప్రాయం. 95 నుంచి 128కి రావడం వెనుక ఎంత సాధన ఉంటుందో ఆడేవాళ్ళకే తెలుసు.

లేన్ దగ్గర కంప్యూటరే లెక్క కడుతుంది, కాకపోతే ఆట అయ్యాక స్క్రీన్ మారిపోతుంది. ప్రతి గేము చివర స్క్రీన్ ఫొటో తీసి, తేదీ వేసి గ్రూపులో పెట్టే బాధ్యత ఒకరికి అప్పగించండి. పాత చీటీ దొరికితే మీరే సరిచూడవచ్చు: స్ట్రైక్ పడితే, అంటే మొదటి బంతికే పది పిన్నులూ పడితే, ఆ ఫ్రేముకు (గేములో ఒక్కో వంతుకు ఆ పేరు) 10తో పాటు తర్వాతి రెండు బంతుల పిన్నులు కలుస్తాయి, స్పేర్ అయితే, అంటే మిగిలినవి రెండో బంతికి పడితే, తర్వాతి ఒక్క బంతివే. స్ట్రైక్ తర్వాత 7, 2 పడితే మొదటి ఫ్రేము 19.

సేవకు కొలత ఏమిటి?

అంకెలు లేవు కాబట్టి మనుషులను అడగాలి. ఒకే కాగితం మీద మూడు ప్రశ్నలు రాసి అందరికీ ఇవ్వండి. ఈ ఏడాది నీకు ఆట విషయంలో ఎక్కువ సాయం చేసింది ఎవరు? ఆవిడ ఏం చేసింది, ఒక సంఘటన రాయి. ఆవిడ మానేస్తే ఏ పని ఆగిపోతుంది? తెలుగులోగానీ ఒడియాలోగానీ రాయమనండి. రాయడం ఇబ్బందైన పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది మీరే రాయండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు శ్రద్ధగా చదవండి, అసలు విషయం అక్కడే బయటపడుతుంది.

ఎంపిక

ఎంపిక కమిటీలో ముగ్గురు లేదా ఐదుగురు చాలు. ఒక్కరైనా బృందం బయటివాళ్ళుంటే మేలు, ఊళ్ళో ఆటలు నేర్పే పీఈటీ టీచర్‌ను అడగవచ్చు. తమ ఇంటివాళ్ళ పేరు చర్చకు వచ్చినప్పుడు ఆ సభ్యురాలు లేచి బయటకు వెళ్ళాలి. మా ప్రాంతంలో అందరికీ అందరూ చుట్టాలే, అందుకే ఈ నియమం ముందే రాసిపెట్టుకోవాలి. ఏటా ఇద్దరిని మించి సన్మానించవద్దు.

ఆమెను అడగండి

సర్‌ప్రైజ్ ఇద్దామని చాలామంది ఉత్సాహపడతారు. వద్దు. వేదిక ఎక్కడం ఆమెకు టెన్షన్ కావచ్చు, ఇంట్లో వేరే పరిస్థితి ఉండవచ్చు. ఇద్దరు ఆమె ఇంటికి వెళ్ళి నెమ్మదిగా చెప్పండి. "నేనేం చేశానమ్మా" అంటుంది. అప్పుడు ఆ కాగితాల మీద తోటివాళ్ళు రాసిన మాటలు చదివి వినిపించండి.

పేరు ఎలా రాయాలో అప్పుడే అడిగి తెలుసుకోండి. సరిహద్దు జిల్లాల్లో ఒకే మనిషికి స్కూలు సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు, ఒడియా కాగితాల్లో మరో రకం స్పెల్లింగ్ ఉండటం మామూలే. ఇంటిపేరు పుట్టింటిది వేయాలా, అత్తింటిది వేయాలా, అసలు వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆమె చేత్తోనే రాయించుకోండి.

తేదీ, చోటు

ఆగస్టు 29 మనకు బాగా కుదిరే రోజు. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కావడంతో జాతీయ క్రీడా దినోత్సవం, గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు కావడంతో తెలుగు భాషా దినోత్సవం. గిడుగువారు పాఠాలు చెప్పిందీ, సవర భాష కోసం పాటుపడిందీ పర్లాకిమిడిలోనే. అయితే అది వానాకాలం, కాబట్టి ఆరుబయట టెంట్ వద్దు, కల్యాణ మండపమో స్కూలు హాలో చూసుకోండి. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజుల్లో మాత్రం ఏ కార్యక్రమమూ పెట్టకండి. ఊరంతా అమ్మవారి దగ్గరే ఉంటుంది.

సన్మాన పత్రం

అన్నింటికంటే ఎక్కువ సమయం దీనికి పెట్టండి. "క్రీడారంగానికి ఆమె చేసిన సేవలు మరువలేనివి" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది, అంటే ఎవరికీ సరిపోదు. ఇలా రాసి చూడండి:

"కొత్తగా వచ్చిన అమ్మాయి బంతి వదలలేక బొటనవేలు నొప్పి పెట్టుకుంటే, ర్యాకులో ఒక్కో బంతీ తీసి రంధ్రాలు చూసి, ఎనిమిది పౌండ్ల బంతి ఎంచి ఇచ్చింది ఈవిడే. వేలు ఇరుక్కోకుండా జారాలి, అలాగని బంతి చేతిలోంచి పడిపోకూడదు అని మాకందరికీ నేర్పింది ఈవిడే. తన వంతు గేము వదులుకుని ఆ అమ్మాయి పక్కన నిలబడింది."

ఇది వింటే హాల్లో ఉన్న ప్రతి మనిషికీ ఆమె కళ్ళకు కడుతుంది. ఆటలో రాణించినావిడ పత్రంలో సగటు, అత్యధిక గేము, తేదీ, ఏ ఊళ్ళో ఆడిందో రాయండి. పత్రం తెలుగులో, ఒడియాలో పక్కపక్కనే ఉండాలి. ఆమె మనవలు ఒడియా మీడియంలో చదువుతుంటే వాళ్ళూ చదువుకోగలగాలి. అచ్చుకు ఇచ్చే ముందు రెండు భాషలూ తెలిసిన మాస్టారి చేత దిద్దించండి.

సభ రోజు

ఆమెను "ఫలానా గారి శ్రీమతి" అని పరిచయం చేయకండి. ఆమె పేరు, ఆమె ఆట, ఆమె పని చెప్పండి. భర్త, అత్తగారు ముందు వరుసలో కూర్చుని వింటారు, అది వాళ్ళకూ గౌరవమే. ముఖ్య అతిథి ఒక్కరు చాలు, ఆయన ప్రసంగం ఐదు నిమిషాలు దాటకూడదని పిలిచినప్పుడే చెప్పండి. పత్రాన్ని అతిథి చేత చదివించకండి. ఆమె దగ్గర ఆట నేర్చుకున్న అమ్మాయి చదవాలి. తర్వాత మైకు ఆమెకు ఇవ్వండి. మాట్లాడితే సరే, నవ్వి నమస్కారం పెట్టి కూర్చున్నా సరే.

వచ్చినవాళ్ళలో చాలామంది ఈ ఆట చూసి ఉండరు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల గురించి ఒక్క ముక్క చెప్పండి. లవ్లీ చౌబే, పింకీ సింగ్, నయన్‌మోని సైకియా, రూపా రాణి తిర్కీ లాన్ బౌల్స్ ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి ఆ ఆటలో దేశానికి తొలి పతకంగా స్వర్ణం తెచ్చారు. గడ్డి మీద ఆడే ఆ ఆట, మన టెన్‌పిన్ వేరు. కానీ ఆ పతకం వచ్చేవరకు వాళ్ళు ఏళ్ళ తరబడి ఎవరూ చూడని మైదానంలో ఆడారని చెబితే, మన ఆడవాళ్ళ కష్టం ఊరివాళ్ళకు త్వరగా అర్థమవుతుంది.

కానుక మీ స్తోమతను బట్టి. బరంపురం పట్టు చీర ఎలాగూ ఉంది. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ళ దగ్గర చేయించిన బొమ్మ ఇస్తే మన కళాకారుడికీ నాలుగు డబ్బులు వస్తాయి. ఆటగత్తెకు నా ఓటు మాత్రం మంచి బౌలింగ్ బూట్లకే, అద్దె బూట్లతో ఎన్నాళ్ళు ఆడుతుంది?

అయిపోయాక

ఒక గట్టి అట్ట రిజిస్టర్ కొని, సన్మాన పత్రం కాపీ, స్కోరు ఫొటోల ప్రింట్లు, తోటివాళ్ళు రాసిన కాగితాలు అందులో అతికించండి. ఎంపిక కాని పేర్లకు వచ్చిన కాగితాలు కూడా పారేయకండి, వచ్చే ఏడు కమిటీ మొదట చదవాల్సింది వాటినే. రిజిస్టర్ ఎవరి ఇంట్లో ఉంటుందో గ్రూపులో అందరికీ తెలియజేయండి.