మన కంప్యూటర్ మనమే బిగిద్దాం – 4వ పాఠం: రేపటికీ పనికొచ్చే ర్యామ్

పోయిన పాఠంలో మదర్‌బోర్డు ఎంచుకున్నాం. దాని పెట్టె పారేయలేదు కదా? ఇవాళ ర్యామ్ ఎంచుకుందాం, అంటే తెరిచిన పనులన్నిటి డేటానీ అప్పటికప్పుడు పట్టుకుని ఉంచే మెమొరీ. అందుకు ఆ పెట్టె మీద రాసిన ఒక్క మాటతో పని: ఈ బోర్డుకు పట్టే ర్యామ్ తరం డీడీఆర్4 అనా, డీడీఆర్5 అనా?

డెస్క్‌టాప్‌లో రెండింటికీ 288 పిన్నులే, పొడవూ ఒకటే. గాటు ఉన్న చోటు మాత్రం వేరు, కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. దిగట్లేదని బలవంతంగా అదమకండి, బోర్డు పోతుంది. ఏఎమ్‌డీ ప్రాసెసర్లకైతే ఏఎమ్4 అనే సాకెట్ ఉన్న బోర్డులు డీడీఆర్4వి, 2022లో వచ్చిన ఏఎమ్5 బోర్డులు డీడీఆర్5వి. ఇంటెల్ 12, 13, 14 తరాలకు రెండు రకాల బోర్డులూ ఉన్నాయి. ప్రాసెసర్ పేరు ఒక్కటే చూసి ర్యామ్ కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇక అసలు సంగతి. "ఇప్పటికి రెండు స్టిక్కులు, తరవాత ఇంకో రెండు" అనేది పాత లెక్క (స్టిక్ అంటే స్లాట్‌లో గుచ్చే ర్యామ్ పలక). డీడీఆర్4లో చాలావరకు నడిచింది. డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే వేగం పడిపోతుంది. రైజెన్ 7000 వరసకు ఏఎమ్‌డీ ఇచ్చిన అంకెలే చూడండి: రెండు స్టిక్కులైతే సెకనుకు 5200 మిలియన్ బదిలీలు (MT/s), నాలుగైతే 3600. ఒక్కో ఛానెల్ మీద, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా నడిచే దారి మీద, రెండేసి స్టిక్కులుంటే సిగ్నల్ చెదురుతుంది, అందుకని ప్రాసెసర్‌లోని మెమొరీ కంట్రోలర్ నెమ్మదిగా నడవాల్సి వస్తుంది. అందుకే డీడీఆర్5 బోర్డుకు నాలుగు స్లాట్లున్నా రెండే ఉన్నాయనుకోమంటాను.

అలా అనుకున్నాక 8+8 (8 జీబీ స్టిక్కులు రెండు) కొనడం దండగే. రేపు 32 జీబీ కావాలంటే రెండూ పీకి పక్కన పడేయాలి. డబ్బుంటే ఒకే ప్యాక్‌లో వచ్చే 16+16 కొనేయండి. లేదంటే ఒక్క 16 జీబీ స్టిక్‌తో మొదలుపెట్టండి. సింగిల్ ఛానెల్ కాబట్టి డేటా వెళ్లే దారి సగమే. టైపింగ్‌కీ ట్యాలీకీ ఆ తేడా పెద్దగా తెలియదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఆటలాడేవాళ్లకు మాత్రం బాగా తెలుస్తుంది, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది మరి. వాళ్లు 8+8 తీసుకున్నా నేనేమీ అనను.

ఏడాది తరవాత అదే మోడల్ స్టిక్ కొన్నా లోపలి చిప్పులు వేరేవి కావచ్చు. వేగాలు వేరైతే రెండూ నెమ్మదైనదాని వేగానికే దిగుతాయి. ర్యామ్‌ను దాని లేబుల్ మీది పూర్తి వేగంతో నడిపించే బోర్డు సెట్టింగులు ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేస్తే విండోస్ దాకా రాకుండానే ఆగిపోనూవచ్చు. కాబట్టి బిల్లుతో పాటు స్టిక్ మీది లేబుల్‌నీ ఫొటో తీసి దాచుకోండి. రేపు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి వెళ్లినా, మీ ఊరి షాపుకు వెళ్లినా ఆ ఫొటో చూపించి అడగొచ్చు.

"తరవాత చవకవుతుందిలే" అని ఆగేవాళ్లకో మాట. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా మండాయో గుర్తుంచుకోండి.

ఇంటిపని: ఇప్పుడు మీ దగ్గరున్న కంప్యూటర్‌లో మీరు రోజూ వాడేవన్నీ ఒకేసారి తెరవండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమొరీ నొక్కి, ఎంత వాడకంలో ఉందో, ఎన్ని స్లాట్లు నిండాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకునే 5వ పాఠంలో స్టిక్కులు బిగిద్దాం.