పాత పికప్‌లో ఏసీ చల్లబడకపోతే ఎలా చెక్ చేయాలి?

ఏసీ చల్లగా రావట్లేదనగానే ‘గ్యాస్ అయిపోయుంటుంది, ఎక్కించేయ్’ అనేస్తారు. ఏసీ గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. పాత బండిలో రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కాస్త తగ్గితే తగ్గొచ్చు. ఒక్క వేసవిలోనే ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో లీకవుతోంది. అందుకే గ్యాస్ డబ్బా జోలికి అన్నిటికన్నా చివర్లో వెళ్లాలి.

కావలసినవి: నీలం (తక్కువ ప్రెషర్ వైపు), ఎరుపు (ఎక్కువ ప్రెషర్ వైపు) గేజులున్న సెట్, టెస్ట్ లైటు, కళ్లద్దాలు, గ్లవ్స్. డబ్బాతో పాటు వచ్చే ఒంటి గేజును పక్కన పడేయండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు బ్లోయర్, అంటే క్యాబిన్‌లోకి గాలి కొట్టే ఫ్యాన్. ఫుల్ స్పీడులో మాత్రమే తిరిగితే దాని రెసిస్టర్ పోయినట్టు. అన్ని స్పీడుల్లోనూ గాలి నీరసంగా వస్తుంటే కూలింగ్ కాయిల్ మీద ఆకులూ దుమ్మూ పేరుకున్నాయేమో చూడండి. పాత పికప్‌లలో చాలావాటికి క్యాబిన్ ఫిల్టరే ఉండదు. గాలి జోరుగానే వస్తూ వెచ్చగా ఉంటే, బానెట్ ఎత్తి కాయిల్ నుంచి కంప్రెసర్‌కు వెళ్లే లావు గొట్టం పట్టుకోండి. అది చల్లగా, చెమట పట్టి ఉంటే ఏసీ పని ఏసీ చేస్తోంది. హీటర్ వేడిగాలే లోపల కలుస్తోంది.

తర్వాత కంప్రెసర్. ఏసీ ఆన్ చేస్తే ‘టక్’మని ముందున్న ప్లేటు పుల్లీతో కలిసి తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే చూడండి. హారన్ రిలే అదే రకమైతే తీసి ఇక్కడ పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. అవి బాగుండి కూడా క్లచ్‌కు (ఆ ప్లేటును పుల్లీకి పట్టించేది) కరెంటు రావట్లేదంటే, గ్యాస్ బాగా తగ్గి ప్రెషర్ స్విచ్ ఆపేస్తూ ఉండొచ్చు. పొద్దున పట్టి, ఇంజిన్ వేడెక్కాక వదిలేస్తుంటే ప్లేటు అరిగి సందు పెరిగిందన్నమాట. లోపలి పల్చటి వాషర్ ఒకటి తీస్తే చాలాసార్లు సరిపోతుంది. దీనికే కొత్త కంప్రెసర్ అంటగట్టేవాళ్లున్నారు, జాగ్రత్త.

బండి పరిగెడుతుంటే చల్లగా, ఆగితే వెచ్చగా ఉందా? కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందువైపు జాలీ) రెక్కల్లో మట్టి ఉండొచ్చు, లేదా ఫ్యాన్ సరిగా లాగట్లేదు. మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు మడతపడతాయి.

ఇక అందరూ పప్పులో కాలేసేది గేజుల దగ్గరే. ఇంజిన్ ఆపి చల్లారాక రెండు గేజులూ ఒకేలా చూపించాలి. ఆర్-134ఏ గ్యాస్ అయితే 30 డిగ్రీల వేడిలో అది దాదాపు 97 పీఎస్‌ఐ. అంత చూపిస్తోంది కదా, నిండుగా ఉందనుకోవద్దు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకూ, సగమున్నా నిండుగా ఉన్నా అంకె అదే. ఎంతోకొంత ఉందని తప్ప అది ఇంకేమీ చెప్పదు.

అసలు సంగతి ఇంజిన్ నడుస్తుంటేనే తెలుస్తుంది. తలుపులు తెరిచి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టి, ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. గేజు పైపులు బెల్టుకూ ఫ్యాన్‌కూ తగలకూడదు. మామూలుగా నీలం 25-45, ఎరుపు 150-250 మధ్య ఉంటుంది. ఎండ ముదిరితే ఎరుపు ఇంకాస్త పైకి పోతుంది. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే కండెన్సర్‌కు గాలి ఆడట్లేదు, లేదా ఎవరో గ్యాస్ ఎక్కువ కొట్టారు. నీలం ఎక్కువై ఎరుపు తక్కువైతే అనుమానం కంప్రెసర్ మీదే. నీలం సున్నా వైపు జారిపోతూ ఎరుపు మామూలుగానే ఉంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలేది) పూడుకుపోయింది. ఒంటి గేజు పెట్టినవాళ్లకి ఇక్కడ నీలం వైపు పడిపోవడం ఒక్కటే కనిపిస్తుంది. ‘గ్యాస్ లేదు’ అని డబ్బా మీద డబ్బా ఎక్కిస్తారు, ఆఖరికి కంప్రెసర్ పోతుంది.

డబ్బా తగిలించి ఉండగా ఎరుపు వాల్వ్ పొరపాటున కూడా తిప్పొద్దు. అటు ప్రెషర్ వెనక్కి తన్ని డబ్బా పేలిపోవచ్చు. ఆర్-134ఏ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ద్రవం చర్మం మీద పడితే అక్కడికక్కడే గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. కళ్లద్దాలు ఎందుకులే అనేవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు.

గ్యాస్ తక్కువని తేలితే లీకు వెతకండి. జాయింట్ల దగ్గర జిడ్డు మరక ఉంటే ముందు అక్కడే చూడాలి. కనిపించకపోతే యూవీ డై (యూవీ లైటులో మెరిసే రంగు) ఎక్కించి ఆ లైటు వేయండి, సబ్బు నురగకు చిన్న లీకులు దొరకవు. లీకు తనంతట తనే పూడుతుందని అమ్మే ద్రవాలు మాత్రం పోయొద్దు, అవి లోపల గట్టిపడి వాల్వ్‌నే మూసేస్తాయి.

1990ల మొదటికి ముందు బండైతే ఆర్-12 అనే పాత రకం గ్యాస్ ఉండొచ్చు. దాంట్లో ఆర్-134ఏ కలపకూడదు, రెండిటి ఆయిల్ కూడా వేరు. బానెట్ కింద స్టిక్కర్ చూడండి.

మిగిలిన గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా మెషిన్‌తో తీయించి, లీకు బాగుచేశాక కనీసం 45 నిమిషాలు వాక్యూమ్ పెట్టండి, అంటే పంపుతో లోపలి గాలీ తేమా లాగేయండి. పంపు ఆపాక అరగంట ముల్లు కదలకపోతేనే గ్యాస్ ఎక్కించాలి. అదీ గేజు చూసి కాదు, స్టిక్కర్ మీదున్న బరువు ప్రకారం తూకం వేసి. చివర్లో సర్వీస్ వాల్వుల మీద రబ్బరు రింగు ఉన్న మూతలు బిగించండి. అవి దుమ్ము ఆపడానికే అనుకుంటారు కానీ, వాల్వ్ సన్నగా కారుతుంటే గ్యాస్‌ను ఆపేది ఆ మూతే.