పొరలు చదవడం – 3వ పాఠం: రోమన్ రోడ్డు, ముత్యపు చిప్ప, అట్టపెట్టె

పోయిన పాఠంలో ఒక వస్తువును అడ్డంగా కోసి, ఆ కోతలో కనిపించే పొరల్ని పెన్సిల్‌తో గీశాం, లెక్కపెట్టాం. ఈసారి లెక్క పక్కన పెట్టి, ఏ పొర ఏ పని చేస్తోందో పట్టుకుందాం. అసలు కష్టం ఇక్కడే ఉంది.

రోమన్ రోడ్డు అని నెట్‌లో వెతికితే ఎక్కువగా ఒకే బొమ్మ వస్తుంది. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద సున్నం కలిపిన రాళ్ల ముక్కలు, ఆపైన ఇంకా మెత్తటి కాంక్రీటు, అన్నిటికీ పైన బండలు. పక్కన స్టాట్యూమెన్, రూడస్, న్యూక్లియస్ అని పేర్లు. బొమ్మ చూడ్డానికి బాగుంటుంది కానీ, ఆ పేర్లు విట్రూవియస్ అనే ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి రాసింది ఇళ్లలో వేసే గచ్చు గురించి. వాటిని రోడ్లకు అంటగట్టింది 1622లో నికోలా బెర్జియే అనే ఫ్రెంచి న్యాయవాది. తవ్వి చూస్తే రోడ్లు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. కొన్నిచోట్ల రాళ్ల మీద గట్టిగా దిమ్మిసా చేసిన కంకర, అంతే. బురద నేల అయితే అడుగున దుంగలు పరిచారు. అంటే పొరల సంఖ్యను తేల్చింది రూలు కాదు, కింద ఉన్న నేల.

కాబట్టి కోత కనిపించగానే పేర్ల కోసం వెతక్కండి. మూడు సంగతులు అడగండి: బరువు ఎటు నుంచి పడుతోంది? నీళ్లు ఎటు పోతున్నాయి? పొరకీ పొరకీ మధ్య ఏముంది?

క్రీ.పూ. 312లో రోమ్ అధికారి అప్పియస్ క్లాడియస్ మొదలుపెట్టిన అప్పియన్ రోడ్డునే తీసుకోండి. బండి చక్రం బరువంతా పైన చిన్న చోట పడుతుంది. బండ దాన్ని కాస్త వెడల్పుగా పంచి కిందికి ఇస్తుంది, కింది పొర ఇంకా వెడల్పుగా పంచుతుంది. నేలకు చేరేసరికి ఒత్తిడి తగ్గిపోతుంది. ఇక నీళ్ల సంగతి. రోడ్డు నడిమి భాగం కాస్త ఎత్తుగా ఉండేది, వాన నీరు పక్కలకు జారిపోయేది. మన తారు రోడ్డు లెక్క కూడా ఇదే. గుంత పడితే మనం తారును తిడతాం. చాలాసార్లు తప్పు దాని కింద తడిసి మెత్తబడ్డ పొరది.

మూడో ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు ముత్యపు చిప్ప. దాని లోపలి మెరిసే భాగంలో సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేటే, అంటే సుద్దలో ఉండేదే. కానీ అది అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం పలకలుగా, గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటుంది. పలకల మధ్య పల్చటి ప్రొటీన్ పొర. మామూలు రాయిలో పగులు తిన్నగా దూసుకుపోతుంది. ఇక్కడ ప్రతి పలక దగ్గరా పక్కకు తిరగాలి, మళ్లీ దారి వెతుక్కోవాలి, అలా తిరిగి తిరిగి దాని జోరు చస్తుంది. బలం పలకల్లో కంటే వాటి మధ్యనే ఎక్కువ ఉందన్నమాట.

ఇప్పుడు మీ పని. కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె ఒకటి తీసుకోండి. అంచు చూస్తే రెండు చదును కాగితాల మధ్య అలలు తిరిగిన కాగితం కనిపిస్తుంది. 3 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. పొడవుతో రెండు పట్టీలు కోయండి. ఒకదానిలో లోపలి సొరంగాలు పొడవునా ఉండాలి, రెండోదానిలో అడ్డంగా ఉండాలి. రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టి ఒక్కోదాని మీదా నాణేలు పేర్చండి. అడ్డం పట్టీ ముందు వంగిపోతుంది. పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తారు కాబట్టే గోడల్లో సొరంగాలు సాధారణంగా నిలువుగా ఉంటాయి. మీ పెట్టెలో ఎటు ఉన్నాయో చూడండి.

మూడో పట్టీ కోసి పైకాగితం ఒలిచేయండి. అట్ట చాపలా చుట్టుకుపోతుంది. నాలుగోదాన్ని అరగంట నీళ్లలో నానబెట్టండి. జిగురు సాధారణంగా స్టార్చ్‌తో చేసింది కాబట్టి పొరలు వాటంతటవే ఊడొస్తాయి. మూడు కాగితాలూ చిరగకుండా చేతికొస్తాయి, కానీ అట్ట మాత్రం లేదు. నోట్‌బుక్‌లో కోత గీసి, ప్రతి పొర పక్కన దాని పేరు కాదు, అది చేసే పని రాయండి. జిగురును కూడా ఒక పొరగానే గీయాలి, మర్చిపోవద్దు.

ప్లైవుడ్ ముక్క దొరికితే దాని అంచు కూడా చూడండి. పొరలు దాదాపు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఎందుకుంటాయో ఆలోచించి రాసి ఉంచండి. వచ్చే పాఠానికి ఖాళీ జ్యూస్ టెట్రా ప్యాక్ ఒకటి కడిగి ఆరబెట్టుకోండి, కత్తెర కూడా కావాలి.