వాటర్‌గేట్‌నూ మహిళా ఉద్యమాన్నీ ఒకే గోడ మీద చెప్పడం ఎలా

అమెరికా మహిళా హక్కుల ఉద్యమం ఒక ఆదివారం తరగతిలో, వాటర్‌గేట్ (ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో చొరబాటుతో మొదలై అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా దాకా వెళ్లిన కుంభకోణం) ఇంకో ఆదివారం అని విడదీసి చెబితే రెండూ సగమే అర్థమవుతాయి. 1971 చివరి నుంచి 1974 దాకా ఆ రెండూ ఒకే అధ్యక్షుడి హయాంలో, చాలావరకు అవే మనుషుల మధ్య నడిచాయి. విజయవాడలో ఏ గ్రంథాలయం హాల్లోనైనా, కాలేజీ గదిలోనైనా ఇరవై మందిని కూర్చోబెట్టి గంటన్నరలో పక్కపక్కన చూపించవచ్చు. కావలసింది 12 అడుగుల ఖాళీ గోడ.

పురికొస 62 అడుగులు, బట్టల క్లిప్పులు 30, పసుపు, నీలం చార్టులు ఒక్కొక్కటి. వన్‌టౌన్‌లో ఏ స్టేషనరీ దుకాణంలోనైనా దొరుకుతాయి. 22×28 అంగుళాల చార్టును 3×5 ముక్కలుగా కోస్తే 35 కార్డులు వస్తాయి. పసుపు ఉద్యమానికి, నీలం వాటర్‌గేట్‌కి. ఒక్కో రంగులో పన్నెండు మించి రాయకండి, మించితే ఎవరూ చదవరు. సెల్లోటేప్ జోలికి పోవద్దు. సున్నం గోడకు అది అంటదు, ఫ్యాన్ వేయగానే కార్డులు రాలిపోతాయి.

పురికొసను 14 అడుగులకు ఒక ముక్క కోసి నీలం కార్డులకు కింద కట్టండి. మిగిలిన 48 అడుగులది పసుపు కార్డులకు పైన కట్టి, కుడివైపు మిగిలినదాన్ని ఉండగా చుట్టి వేలాడదీయండి. దానితో చివర్లో పని ఉంది. నెలకు 4 అంగుళాల చొప్పున 1971 డిసెంబర్ నుంచి 1974 సెప్టెంబర్ వరకు 34 నెలలు, అంటే 136 అంగుళాలు. గోడకు సరిగ్గా సరిపోతుంది.

పాత కథ అయిదు నిమిషాల్లో నోటితో చెప్పేయండి: మహిళా హక్కుల కోసం 1848లో జరిగిన సెనెకా ఫాల్స్ సభ, 1920లో ఓటు హక్కు. మన జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆస్తి అర్హత గల మహిళలకు 1921లోనే ఓటు వచ్చిందని కలిపితే, తేదీలు దూరపు ఊసుల్లా ఉండవు.

మొదటి పసుపు కార్డు 1971 డిసెంబర్‌ది: పిల్లల సంరక్షణ కేంద్రాల బిల్లును నిక్సన్ వీటో చేశాడు. రెండోది 1972 మార్చి 22: స్త్రీ పురుషులకు సమాన హక్కులిచ్చే రాజ్యాంగ సవరణ (సమాన హక్కుల సవరణ) సెనేట్‌లో 84–8 ఓట్లతో నెగ్గింది. ఇక్కడ మనవాళ్లు తప్పకుండా పొరబడతారు. మన 368వ అధికరణ ప్రకారం సవరణ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం కావాలి కాబట్టి, నిక్సన్ కూడా సంతకం పెట్టి ఉంటాడనుకుంటారు. అమెరికాలో రాజ్యాంగ సవరణకు అధ్యక్షుడి సంతకంతో పని లేదు. 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి, అంతే.

అసలు సమయమంతా 1972 జూన్ దగ్గర పెట్టండి. 17న వాటర్‌గేట్ భవనంలోని డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలో చొరబడిన అయిదుగురు పట్టుబడ్డారు. 23న చదువులో లింగ వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ ఉన్న చట్టంపై నిక్సన్ సంతకం చేశాడు. ఆ చొరబాటుపై ఎఫ్‌బీఐ దర్యాప్తును సీఐఏ చేత ఆపించే మాట తన ముఖ్య సహాయకుడు హాల్డెమన్‌తో మాట్లాడిందీ ఆ రోజే. 1974 ఆగస్టులో నిక్సన్ పదవి ఊడగొట్టిన టేపు ఆ సంభాషణదే. ఒకే తేదీ, పైన పసుపు, కింద నీలం. ఈ రెండు కార్డులూ పెట్టాక కాసేపు మీరు మాట్లాడకండి, వాళ్లను చూడనివ్వండి. 4 అంగుళాల్లో కార్డులు ఇరుక్కుంటాయి గనుక కొన్నిటిని చిన్న కొస ముక్కతో కిందికి దించండి.

22వ తేదీ కార్డు మాత్రం చేతిలో ఉంచుకోండి. నిక్సన్ ప్రచార సారథి జాన్ మిచెల్ భార్య మార్తా ఆ రాత్రి విలేఖరి హెలెన్ థామస్‌తో మాట్లాడుతుండగా ఫోన్ తీగ లాగేశారు. తర్వాత ఆమెకు మతి చలించిందని ప్రచారం చేశారు. ఈ కార్డు ఏ కొసకు కట్టాలో వాళ్లనే అడగండి. రెండు కొసల మధ్య కట్టమనేవాళ్లు దొరికితే తరగతి దారిలో పడ్డట్టే.

1973 జనవరి 22, గర్భస్రావ హక్కుపై రో తీర్పు, 7–2. అయిదు నిమిషాలు దాటనివ్వకండి, చర్చ అక్కడే ఆగిపోతుంది.

నాయకుల్ని మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని విడదీసేయకుండా కాపాడే కార్డు సెనేటర్ శామ్ ఎర్విన్‌ది. 1973లో సెనేట్ వాటర్‌గేట్ విచారణ నడిపిన ఆ పెద్దమనిషే, సమాన హక్కుల సవరణకు వ్యతిరేకంగా ఓటేసిన 8 మందిలో ఒకడు. ఆ పేరు రెండు రంగుల్లోనూ రాయండి.

1974 జులై 25న, నిక్సన్ అభిశంసనపై ప్రతినిధుల సభ జ్యుడీషియరీ కమిటీలో సభ్యురాలు బార్బరా జోర్డాన్ ప్రసంగం. రాజ్యాంగం రాసిన నాడు ‘ప్రజలమైన మేము’ అన్న మాటలో తనలాంటి నల్లజాతి స్త్రీ లేదని చెప్పి, ఆ రాజ్యాంగం కోసమే నిలబడింది. మన పీఠికలోని మొదటి మాటలు ముందు ఎవరిచేతనైనా చదివించి, తర్వాత ఈ కార్డు తగిలించండి. ‘నిక్సన్‌ను అభిశంసించారు’ అని మాత్రం రాయొద్దు. ఆ కమిటీ మూడు అభియోగాలు ఆమోదించింది, అంతే. సభ మొత్తం ఓటేసేలోపే ఆగస్టు 9న రాజీనామా అమల్లోకి వచ్చింది.

సెప్టెంబర్ 8న నిక్సన్ తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ అతనికిచ్చిన క్షమాభిక్షతో కింది కొస అయిపోతుంది. ఇప్పుడు పైకొస ఉండను ఒకరి చేతికిచ్చి విప్పుకుంటూ వెళ్లమనండి. అదే కొలతన ఇంకో 31 అడుగులు, అంటే తలుపు దాటి వరండాలోకి. అక్కడ చివరి పసుపు కార్డు తగిలించాలి: 1982 జూన్ 30, సమాన హక్కుల సవరణను రాష్ట్రాలు ఒప్పుకునే గడువు ముగిసింది, 38కి 35 రాష్ట్రాలే.