ల్యాప్‌టాప్ మతిమరుపు: డిస్క్ మార్చే ముందు తేదీ చూడండి

అమలాపురంలో నా రిపేరు బల్ల మీదికి "డేటా మొత్తం పోయిందండి" అంటూ వచ్చే ల్యాప్‌టాప్‌లలో నిజంగా పోయినవి తక్కువే. పోయిందని ఎవరో చెప్తే నమ్మేసి వచ్చినవే ఎక్కువ. అన్నిటికంటే ముందు చూడాల్సిన తేదీని మాత్రం ఒక్కరూ చూసి రారు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం, బయోస్‌లోకి (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు తెరవగలిగే సెట్టింగుల పేజీలు) వెళ్ళడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: మూత వేసి పడుకుంటే, పొద్దున్నకి చేసిన పని లేదు

రొయ్యల చెరువుల వాళ్ళ దగ్గర ఇది మామూలు. రాత్రి మేత లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించి, సేవ్ చేయకుండా మూత వేసేస్తారు. మూత వేస్తే ల్యాప్‌టాప్ ఆగిపోదు, స్లీప్‌లోకి వెళ్తుంది. లెక్కలన్నీ ర్యామ్‌లోనే, అంటే పని జరుగుతున్నంతసేపు వాడే తాత్కాలిక మెమరీలోనే ఉంటాయి. ర్యామ్‌లో రాసినది నిలవాలంటే 64 మిల్లీసెకన్లకోసారి దాన్ని మళ్ళీ తాజా చేస్తూ ఉండాలి, దానికి కరెంటు కావాలి. ఈదురుగాలికి రాత్రి కరెంటు పోయి, బ్యాటరీ కూడా దిగిపోతే ర్యామ్ ఖాళీ. పవర్ ఆప్షన్స్‌లో మూత వేసినప్పుడు హైబర్నేట్ అయ్యేలా పెట్టండి. అప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీదికి దిగుతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

సమస్య: తేదీ వెనక్కి పోతోంది, నెట్ పనిచేయడం లేదు, ఒక్కోసారి అసలు డిస్కే లేదంటోంది

చూడ్డానికి మూడు జబ్బులు, మూలం ఒక్కటే. లోపల రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్2032, మూడు వోల్టులు. గడియారం నడిచేది, పాత మోడళ్ళలో బయోస్ సెట్టింగులు నిలిచేది దాని మీదే. అది చచ్చిపోతే తేదీ ఏ 2015 జనవరి ఒకటికో పోతుంది. బ్యాంకు సైటు తెరిస్తే "కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంది. సైటు సర్టిఫికెట్ చెల్లే తేదీలు వేరు, మీ ల్యాప్‌టాప్ అనుకుంటున్న తేదీ వేరు. పాపం వీళ్ళేమో వైఫై వాడితో గొడవ పెట్టుకుంటారు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఆ తర్వాతి సంగతి.

ముమ్మిడివరం వైపు నుంచి ఒక మాస్టారు ఒకే ల్యాప్‌టాప్‌ని మూడుసార్లు తెచ్చారు. తేదీ సరిచేసి రెండు రోజులు బల్ల మీద నడిపిస్తే రాయిలా ఉండేది. ఇంటికి తీసుకెళ్తే మర్నాడే ఫోను. "ఆయ్, మళ్ళీ మొదటికొచ్చిందండి, మీ దగ్గరున్నంతసేపూ బుద్ధిగానే ఉంటాదేంటండి?" అన్నారు మూడోసారి. అప్పుడు అడిగాను, రాత్రిళ్ళు ఏం చేస్తారని. పిడుగుల భయానికి ప్లగ్గు పీకేసి పడుకుంటారట. మెయిన్ బ్యాటరీ ఉబ్బిపోయిందని అంతకుముందే ఎవరో తీసేశారు.

అదీ కిటుకు. అడాప్టర్ గాని, మెయిన్ బ్యాటరీ గాని ఉన్నంతసేపు గడియారానికి కరెంటు వాటి నుంచే అందుతుంది. సెల్ మీద బరువు పడదు. రెండూ లేనప్పుడే సెల్ పనిలోకి దిగుతుంది. నా బల్ల మీద ప్లగ్గు ఎప్పుడూ పెట్టే ఉంటుంది కాబట్టి చచ్చిన సెల్ కూడా బతికున్నట్టే కనిపించింది. మాస్టారి ఇంట్లో ప్రతి రాత్రీ దాని బండారం బయటపడింది. పైగా ఇలా అడాప్టర్ మీదే నడిపే ల్యాప్‌టాప్‌లలో సెల్ తొందరగా అయిపోతుంది, రోజూ రాత్రి డ్యూటీ దానిదే మరి.

ఇంకో మోసం కూడా ఉంది. నెట్ తగిలితే విండోస్ ఒక్కోసారి తేదీని తనే సరిచేసుకుంటుంది. కింద మూలన టైము బాగానే ఉంది కదా అని వదిలేస్తారు. అక్కడ కాదు, బయోస్‌లో చూడాలి. అడాప్టర్ తీసి, మెయిన్ బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున్న ఆన్ చేయగానే నేరుగా బయోస్‌లోకి వెళ్ళి తేదీ చూడండి. వెనక్కి పోయి ఉంటే సెల్ సంగతి తేలిపోయినట్టే. మల్టీమీటర్ ఉంటే కొత్త సెల్ మూడు వోల్టులకి కాస్త పైనే చూపిస్తుంది. 2.7 కంటే కిందికి దిగిందంటే మార్చేయండి.

ఇక "డిస్క్ లేదు" సంగతి. ఇది చెప్పుకోవడానికి నాకే సిగ్గు. కొడుకు కువైట్ వెళ్తూ బీరువాలో పెట్టిన పాత ల్యాప్‌టాప్‌ని రెండేళ్ళ తర్వాత తల్లి తీసుకొచ్చింది. ఆన్ చేస్తే బూట్ డివైస్ దొరకలేదంది. కరెంటు లేకుండా ఎస్ఎస్‌డీని (తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లతో చేసిన డిస్క్) ఏళ్ళ తరబడి వదిలేస్తే డేటా పోతుందని అప్పటికే ఎక్కడో చదివి ఉన్నాను. చదివిన తెలివి ముందుకొచ్చింది. "ఫోటోలు పోయాయమ్మా" అని చెప్పి కొత్త డిస్క్ వేసిచ్చాను. ఆవిడ మాట్లాడకుండా డబ్బులిచ్చి, పాత డిస్క్ కొంగులో ముడేసుకుని వెళ్ళిపోయింది. వారం తర్వాత మేనల్లుడు దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి చూస్తే ఫోటోలన్నీ ఉన్నాయి. ఆ విండోస్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో ఎక్కించినది. సెల్ చచ్చి బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకి పోయి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మారింది, అంతే. బయోస్‌లో తేదీ చూసి ఉంటే అప్పుడే తెలిసేది. కొత్త డిస్క్ డబ్బులు వెనక్కిచ్చేశాను.

కాబట్టి తేదీ తప్పుగా ఉండి డిస్క్ బూట్ కాకపోతే ఫార్మాట్ జోలికి వెళ్ళకండి. బూట్ మోడ్ లెగసీయా, యూఈఎఫ్ఐయా మార్చి చూడండి. బయోస్‌లో డిస్క్ పేరు కనిపిస్తూ విండోస్ నీలం తెరతో ఆగిపోతుంటే సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) చూడండి, ఏహెచ్‌సీఐలో ఉన్నది రెయిడ్‌కి మారి ఉండొచ్చు. కొత్త మోడళ్ళలో సెట్టింగులు ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి కాబట్టి తేదీ ఒక్కటే పోతుంది. కొన్నిట్లో అసలు సెల్లే ఉండదు, గడియారం కూడా మెయిన్ బ్యాటరీ మీదే.

మార్చేటప్పుడు: బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. సెట్టింగులు మారితే అది అడుగుతుంది. విండోస్ ఇంకా బాగానే తెరుచుకుంటుంటే బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫోటో తీయండి. అడాప్టర్, బ్యాటరీ తీశాకే సెల్ ముట్టుకోండి. వైర్లున్న సెల్ అయితే పాతదాని ఎరుపు, నలుపు ఏ పిన్నుకి ఉన్నాయో చూసి కొత్తది కొనండి, అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండవు. పాత సెల్ మీద ఎంఎల్ అని ఉంటే అది చార్జ్ అయ్యే రకం. దాని చోట సీఆర్ రకం పెట్టకూడదు, చార్జింగ్ ఎక్కితే ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చేవాటిలో కనెక్టర్ మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. సెల్ బాగున్నా కరెంటు అందదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ కొట్టి, ఆరాక పెట్టండి. తేదీ, బూట్ మోడ్ సరిచేసి, సేవ్ చేసి, ఇంకో రాత్రి ప్లగ్గు లేకుండా ఉంచి చూశాకే మూత బిగించండి.

కొత్త సెల్ వేసినా గడియారం ఆగిపోతుంటే దాన్ని నడిపే క్రిస్టల్‌దో, బోర్డుదో లోపం. అరుదు. బోర్డు పని తెలిసిన వాళ్ళకి ఇచ్చేయండి.

ఎస్ఎస్‌డీ నిజంగా మరిచిపోవడం ఇంకా అరుదు. దానిలో రాసినది చిన్న చిన్న చార్జ్‌ల రూపంలో ఉంటుంది, మెల్లగా కారుతుంది, నిజమే. కానీ చిప్‌లకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, రాతల పరిమితి పూర్తిగా అయిపోయిన ఇంటి వాడుక ఎస్ఎస్‌డీ కూడా కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలవాలి. తక్కువ వాడినది అంతకంటే ఎక్కువే నిలుస్తుంది. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది కాబట్టి, రేకుల కప్పు గదిలో అటక మీద మాత్రం పెట్టకండి. బీరువాలో ఉన్నదాన్ని ఆరు నెలలకోసారి తీసి, ఒక పూట ప్లగ్గు పెట్టి నడపండి. ఫోటోలు ఇంకో డిస్క్‌లోకి కూడా ఎక్కించుకోండి.