పోర్చుగల్ తీరంలో మోటార్‌హోమ్ నిలిపే ముందు

యూరప్‌లో ఉంటూ, అద్దె మోటార్‌హోమ్‌లో (లోపలే పడుకుని, వండుకునే వీలున్న వాహనంలో) పోర్చుగల్ దక్షిణ తీరమైన అల్గార్వ్‌కు వెళ్లాలనుకునే మనవారు ముందుగా అక్కడి నిబంధన ఒకటి తెలుసుకోవడం మంచిది. 2021 ఆగస్టులో సవరించిన రోడ్డు చట్టం ప్రకారం, రాత్రి 9 గంటల నుంచి ఉదయం 7 గంటల వరకు మనుషులు లోపల ఉండగా వాహనం నిలిచి ఉంటే దానిని రాత్రి బసగానే లెక్కిస్తారు. ప్రత్యేకంగా కేటాయించిన స్థలాలు కాకుండా వేరేచోట ఇలా బస చేయాలంటే ఒక మునిసిపాలిటీ పరిధిలో 48 గంటలకు మించకూడదు. రక్షిత ప్రకృతి ప్రాంతాలలోనూ, తీరరక్షణ ప్రణాళికల కిందికి వచ్చే చోట్లలోనూ ఆ వెసులుబాటు కూడా లేదు. సముద్రం కనిపించే అందమైన కొండచరియలు చాలావరకు, అల్గార్వ్ పడమటి కొసన ఉన్న సాగ్రెష్ ఊరి పరిసరాలతో సహా, ఆ కోవలోనివే కావడం మన దురదృష్టం.

ఇక పగటిపూట చాలామంది పొరబడే విషయం మరొకటి ఉంది. ఆ రక్షిత, తీర ప్రాంతాలలో వాహనం తన చుట్టుకొలతను దాటి స్థలం ఆక్రమించకూడదు కనుక, పక్కన పందిరిగుడ్డ చాచి, రెండు మడత కుర్చీలు వేసుకుని టీ తాగినా అది పార్కింగ్ అనిపించుకోదు, దానికీ జరిమానా ఉంటుంది. అందువల్ల చీకటి పడకముందే, మురుగునీరు వదిలి మంచినీరు నింపుకునే వీలున్న మోటార్‌హోమ్ సర్వీసు స్థలానికో క్యాంపింగ్ మైదానానికో చేరుకోవడం మేలు. వేసవిలో అవి త్వరగా నిండిపోతాయి కాబట్టి మధ్యాహ్నమే వెళ్లండి.